వెనకున్న మనిషి – పదకొండో వారం: పిలవకూడని పేరు

పోయిన వారం చావింట్లో ఆపాను. లితియానా తల్లి అనా శవం చాపల మీద ఉంది. వచ్చినవాళ్లు ఎవరు ఏ వైపు కూర్చోవాలో తేలలేదు. మా దగ్గర అది తేలందే శవం లేవదు. అప్పుడు ఎగువ ఊరి పెద్దావిడ మకెలేసి అవ్వ ఊతకర్ర పక్కన పడేసి నోరు విప్పింది. అనా విలిమోనె తండ్రికి తోడబుట్టింది కాదంది. ఆ ఇంట్లో పెరిగింది, అంతే. నిజానికి విలిమోనె తల్లి పుట్టిన కడుపునే పుట్టింది. పొత్తిళ్లలో ఉండగానే ఆ ఇంటికి ఇచ్చేశారు.

ఆ ఒక్క మాటతో విలిమోనెకి మేనత్త పిన్ని అయింది. మరదలు లితియానా చెల్లెలయింది.

కొండవైపు ఇళ్లలో బావామరదళ్లకి అడ్డు లేదు. తిట్టుకోవచ్చు. ఒకరి పళ్లెంలో చేపముక్క ఒకరు లాక్కోవచ్చు. అన్నాచెల్లెళ్లు అలా కాదు. వాళ్లు మాట్లాడుకోరు. ఒకరి పేరు ఒకరు పలకరు. ఎదురెదురుగా కూర్చోరు. అది కోపం కాదు, మర్యాద. అన్న ప్రాణం అడ్డం పెట్టైనా చెల్లెల్ని కాయాలి. చెల్లెలు మాత్రం కాయమని అడక్కూడదు. సువా పట్నంలో పెరిగిన పిల్లలు ఇప్పుడు ఇవేమీ పట్టించుకోరు. విలిమోనె పట్టించుకుంటాడు. వాళ్ల నాన్న అలా పెంచాడు.

అనాని పూడ్చాం. శనివారం కంప్యూటర్ ఆటల పోటీ వచ్చింది.

వాన పడుతోంది. నౌసోరినుంచి సువాకి నా బండిలోనే తీసుకెళ్లాను. ముందు సీట్లో అవ్వ, లితియానా. వెనక టార్పాలిన్ కింద విలిమోనె, షల్విన్, సేరు, తోము. అంతకుముందు అయితే జట్టు అయిదుగురూ వెనకే ఎక్కేవాళ్లు. దారి పొడుగునా నవ్వులే. ఆ రోజు వంతెన దాటేదాకా వైపర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. అవ్వ ఒక్క మాట అంది.

"ఆడుకోండి. కాదనను. కానీ ఆ పిల్ల నోట అన్న పేరు నా చెవిన పడిందా, ఇటునుంచి ఇటే ఎగువ ఊరు. నా దగ్గరే ఉంటుంది. ఇంక ఈ పెట్టెలూ వద్దు, ఈ తుపాకులూ వద్దు."

లితియానా కిటికీలోంచి ఏటివైపు చూస్తోంది. వినిపించనట్టే కూర్చుంది. ఇల్లు ఖాళీ అయిపోయింది ఆ పిల్లకి. మిగిలింది జట్టులో ఆ కుర్చీ ఒక్కటి.

వాళ్ల ఆట చూడనివాళ్లకి ఒక మాట చెప్పాలి. తెర మీద ఒక వంతెన ఉంటుంది. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. వంతెన మధ్యలో ఎవరు ఎక్కువసేపు నిలబడితే వాళ్లది గెలుపు. విలిమోనె ముందు పెద్ద డాలు పట్టుకుని నడుస్తాడు. షల్విన్ దూరంనుంచి గురి చూసి కొడతాడు. సేరు, తోము అన్నదమ్ములు. పక్కలనుంచి దూకుతారు. అందరికంటే వెనక లితియానా. ఆమె చేతిలో తుపాకి పేరుకే. దెబ్బ తిన్నవాళ్లకి మందు వెయ్యడం ఆమె పని. ఆమె నిలబడి ఉన్నంతసేపూ మిగతా నలుగురూ పడినా లేస్తారు. అందుకని అవతలివాళ్లు ముందు ఆమెనే వెతుక్కుంటూ వస్తారు. ఏ జట్టయినా అంతే. మందు వేసే మనిషికి మందు వేసేవాళ్లు ఉండరు. ఎవరో ఒకరు వెనక్కి తిరిగి చూడాలి.

మా జట్టులో తిరిగి చూసేవాడు విలిమోనె. "బావా, వెనక్కి చూడరా దున్నపోతా!" అని ఆమె అరిచేది. ముందు ఎంత పోరు నడుస్తున్నా డాలుతో సహా గిర్రున తిరిగేవాడు. ఆమె మీదికి వచ్చినవాడు డాలుకి గుద్దుకుని ఏట్లో పడేవాడు. మా ఊరి జట్టు అన్ని జట్లనీ దాటి ఇక్కడిదాకా వచ్చింది ఆ ఒక్క అరుపు మీద. ఈ ఒక్కటీ గెలిస్తే సిడ్నీలో పెద్ద పోటీకే.

అవతల లౌతోక జట్టు. చెరుకు దేశం వాళ్లు. వాళ్లకి డాలు పట్టేది మెరెసెయిని అనే ఆడమనిషి. నిలువెత్తు మనిషి, పెద్ద గొంతు. మేం హాల్లోకి అడుగు పెట్టగానే అరిచింది.

"వచ్చారర్రా బురదకాళ్లు! గుమ్మం దగ్గర కాళ్లు కడుక్కుని రండి!"

షల్విన్ ఊరుకోడు కదా. "కడుక్కున్నాం అక్కా. ఆ నీళ్లే మీ ఊరికి పంపారు, తాగడానికి."

అందరూ నవ్వారు. మా అయిదుగురిలో ముగ్గురే నవ్వారు.

అవ్వ ముందు వరసలో చాప పరుచుకుని కూర్చుంది. నేను వెనక యంగోన వేళ్ల రసం తాగే మగవాళ్ల పక్కన చోటు చూసుకున్నాను. లితియానా ఈ చివర కుర్చీ. విలిమోనె ఆ చివర. మధ్యలో ముగ్గురు. తెరకి తప్ప దేనికీ ఎదురు పడకుండా కూర్చున్నారిద్దరూ.

మూడు ఆటల్లో రెండు గెలవాలి.

మొదటిదానిలో లౌతోకవాళ్లు వంతెన కిందనుంచి ముగ్గుర్ని పంపారు. లితియానా చూసింది. ఆమె భుజాలు బిగుసుకోవడం నాకు వెనకనుంచే తెలిసింది. నోటిదాకా వచ్చింది మాట. ఎడం చెయ్యి తెచ్చి నోటికి అడ్డం పెట్టుకుంది. ఒంటి చేత్తో ఏం ఆడుతుంది? వాళ్లు ముగ్గురూ ఆమె చుట్టూ చేరి తాపీగా పడగొట్టారు. విలిమోనె ముందు డాలెత్తి సింహంలా పోరాడుతున్నాడు. వెనక ఎవరూ లేరని తెలియదు. తరవాత సేరు పడ్డాడు, తోము పడ్డాడు, షల్విన్ పడ్డాడు. ఆఖరికి విలిమోనె కూడా పడ్డాడు.

లౌతోకవాళ్లు కాళ్లతో నేల దంచారు. "ఏటికి పొండి! ఎండ్రకాయలు పట్టుకోండి!"

రెండో ఆటకి ముందు కాస్త విరామం ఇచ్చారు. నేను హాలు వెనక వసారాలోకి వెళ్లాను. అప్పటికే వాళ్లు ముగ్గురూ అక్కడున్నారు. లితియానా నీళ్ల ట్యాంకుకి ఆనుకుని నిలబడింది. విలిమోనె మెట్ల మీద, అటు తిరిగి వానని చూస్తూ కూర్చున్నాడు. మధ్యలో షల్విన్. వాళ్లమ్మ బంగాళాదుంప కూర చుట్టి ఇచ్చిన రొట్టె ఒకటి చేతిలో ఉంది.

"షల్విన్, అతన్ని అడుగు," అంది లితియానా. "వీపుకి కళ్లు లేకపోతే పోనీ. తెర మూలన నా ప్రాణం గీత తరిగిపోతుంటే అదీ కనిపించలేదా అని."

షల్విన్ నోట్లో ముద్ద మింగాడు. "ఒరేయ్, నువ్వు బాగా ఆడావంటోంది. కాస్త వెనక కూడా చూసుకోమంటోంది."

"నేనలా అన్నానా?"

"కొంచెం నూనె రాసి చెప్పాను."

"షల్విన్, ఆవిడకి చెప్పు," అన్నాడు విలిమోనె వానతోనే. "ముందు ఇద్దరు తుపాకులు పేలుస్తుంటే మూలల్లో గీతలు చూడ్డం కుదరదు. ఇన్నాళ్లూ గీతలు చూసి తిరిగానా?"

"గీతలు చూసి తిరగలేదట," అన్నాడు షల్విన్.

"విన్నాను."

"ఇద్దరికీ వినపడుతుంటే మధ్యలో నేనెందుకు? నా రొట్టె చల్లారిపోతోంది."

ఎవరూ నవ్వలేదు. వాడు రొట్టె మళ్లీ కాగితంలో చుట్టేశాడు.

"మరెలా తిరిగాడో చెప్పమను," అంది లితియానా.

చూరు నీళ్లు మెట్టు మీద పడి విలిమోనె కాళ్ల మీద చిందుతున్నాయి. కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

"పిలుపు విని తిరిగాను."

"అయితే ఇప్పుడు పిలవమంటాడా?"

"పిలవమన్లేదు. పిలవకూడదు. నేను చూసుకుంటానని చెప్పు."

"ఇందాక చూసుకున్నట్టేనా?"

షల్విన్ ఆ మాట అటు మొయ్యలేదు. మొయ్యక్కర్లేకపోయింది.

"ఆవిడకి ఇబ్బంది లేకుండా నేను చెయ్యాల్సింది చేశాను," అన్నాడు విలిమోనె. "మా నాన్న మీద ఒట్టు."

"ఏం చేశాడట?"

అతను చెప్పలేదు. తరవాత తలుచుకుంటే అక్కడే నిలదీసి ఉండాల్సింది ఎవరో ఒకరు. ఎవరమూ నిలదీయలేదు.

లితియానా ట్యాంకు వదిలి రెండడుగులు ముందుకొచ్చింది. అంతకంటే రాలేదు.

"అమ్మ పోయిన రోజు ఊరంతా వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చారు. ఇతనొక్కడు గుమ్మం బయట నిలబడ్డాడు. పొద్దున నేను మరదల్ని. మధ్యాహ్నానికి ఎవరినో. మట్టి వేసేటప్పుడు పక్కన కూడా లేడు. షల్విన్, అతన్ని అడుగు. రెండేళ్లు నన్ను కాశాడు కదా. ఏమనుకుని కాశాడు? మరదల్ననా? జట్టు మనిషిననా?"

"ఇది నేను అడగను."

"అడుగు."

"చూడవే, మా ఇంట్లో నాకు చిన్న గొడవైతేనే అన్నం సయించదు. ఇది నావల్ల కాదు."

"అడగరా!"

షల్విన్ నా వైపు చూశాడు. నేనేం చెప్పను? ఇలాంటివి నాకు చేతకావు. వాన వైపు చూశాను.

విలిమోనె నెమ్మదిగా అన్నాడు. "చెప్పు ఆవిడకి. అప్పుడు ఏమనుకున్నానో అది ఇప్పుడు అనుకోకూడదు. అనుకోకుండా ఉండటానికి ఎంత కష్టంగా ఉందో అది కూడా అనకూడదు. ఇంతే చెప్పు."

షల్విన్ నేల చూశాడు. "ఏమీ అన్లేదు," అన్నాడు లితియానాతో.

"సరే," అంది ఆమె. ముఖం తుడుచుకుంది. వాన ఆమె నిలబడ్డ చోటికి రాదు.

కాసేపటికి షల్విన్‌కే తట్టింది ఉపాయం. "ఒక పని చేద్దాం. నేను మీవాణ్ణి కాను, నాకు మీ వరసల గోల లేదు. వెనకనుంచి ఎవడైనా వస్తే నాకు చెప్పవే. నేను వీడి చెవిలో అరుస్తాను. నేను నీ నోరు, అంతే. ఇలాంటి నోరు నీకెక్కడా దొరకదు, కూర వాసన కూడా వస్తుంది."

గుమ్మంలో కర్ర చప్పుడైంది. మకెలేసి అవ్వ ఎంతసేపటినుంచి అక్కడుందో.

"ఈ పిల్లాడి నోటికి వరస లేదు," అంది అవ్వ. "కానివ్వండి. నేను బండిలో అన్న మాట మాత్రం మర్చిపోకండి."

రెండో ఆట బాగా ఆడారు. ఇన్నాళ్లు చూసిన జట్టే మళ్లీ కనపడింది. లితియానా పెదాలు కదిలేవి. షల్విన్ గొంతు లేచేది. "వెనక, ఎడమ!" విలిమోనె గిర్రున తిరిగేవాడు. మాట ఒక చెయ్యి మారి వెళ్లడం వల్ల కొంచెం ఆలస్యం. ఒకసారి ఆమె ప్రాణం గీత వెంట్రుకవాసి మిగిలింది. అయినా నిలబడింది. ఆమె నిలబడితే అందరూ నిలబడతారు. గెలిచారు. సేరు, తోము కుర్చీలెక్కి ఎగిరారు. యంగోన దగ్గర కూర్చున్న మగవాళ్లు అరచేతులు గుంటగా చేసి బోలు చప్పట్లు కొట్టి గిన్నె నా వైపు తోశారు. తాగాను. ఆ ఒక్కసారీ మనసు కుదుటపడింది.

కానీ మెరెసెయిని నవ్వడం లేదు. తన కుర్చీలోంచి మా షల్విన్‌నే చూస్తోంది. వాడి నోటిని చూస్తోంది. తన పక్కవాడి చెవిలో ఏదో చెప్పింది.

ఆ పోటీలో ఒక నియమం ఉంది. ఆటలో పడినవాడు మళ్లీ లేచేదాకా హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకోవాలి. నోరు మెదపకూడదు. వెనక పోటీవాళ్ల మనిషి ఒకరు నిలబడి చూస్తుంటారు.

మూడో ఆటలో లౌతోకవాళ్లు మందు వేసే మనిషి జోలికి పోలేదు. నేరుగా షల్విన్ మీద పడ్డారు. ఎక్కడో గోడ చాటున పడుకుని గురి చూసుకుంటున్నవాణ్ణి వెతికి మరీ పట్టుకున్నారు. వాడు లేచిన ప్రతిసారీ అదే. గోడ మార్చినా అదే. వాడు హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుని పెదవి కొరుక్కునేవాడు. సేరు, తోము వాణ్ణి కాయబోయి వాళ్లూ పడ్డారు.

ఆట చివరికొచ్చింది. వంతెన మధ్యలో విలిమోనె ఒక్కడే డాలెత్తి నిలబడ్డాడు. వెనక లితియానా. మిగతా ముగ్గురి చేతులూ ఒళ్లోనే. ఇంకాస్తసేపు వీళ్లిద్దరూ ఆ చోటు వదలకపోతే చాలు. ఎదురుగా మెరెసెయిని డాలు, ఆమె వెనక ఇంకొకడు. విలిమోనె వాళ్లని ఆపుతున్నాడు. అతనికి దెబ్బ తగిలినప్పుడల్లా లితియానా మందు వేస్తోంది. అతని గీత తగ్గుతోంది, నిండుతోంది. మాటల్లేవు. అన్నాచెల్లెళ్లు అంటే ఇలాగే ఉండాలి కాబోలు అనుకున్నాను.

అప్పుడు వంతెన కిందనుంచి ముగ్గురు పైకెక్కారు.

లితియానా చూసింది. షల్విన్ వైపు తిరిగింది. వాడి నోరు మూసుకునే ఉంది, కళ్లు మాత్రం అరుస్తున్నాయి. వెనకున్న పోటీ మనిషి వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

ముందు వరసలో అవ్వ కూర్చుని ఉంది. చాప మీద, కర్ర ఒళ్లో పెట్టుకుని.

లితియానా అవ్వ వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో ఎగువ ఊరూ, ఏరూ, అన్నీ ఉన్నాయి. తరవాత మైకు నోటి దగ్గరికి లాక్కుంది.

"విలిమోనె," అంది.

మెల్లగా అంది. అయినా హాలంతా వినపడింది. మొదటి వరసలో ఆడవాళ్లు ఊపిరి బిగపట్టారు.

అతను తిరగలేదు.

"విలిమోనె! వెనక్కి!"

తిరగలేదు. డాలు ముందుకే ఉంది. వాళ్లు ముగ్గురూ ఆమెను చుట్టుముట్టారు. తుపాకులు పేలుతున్నాయి. ఆమె గీత సగానికి పడిపోయింది. అప్పుడు కూడా ఆమె తనకి మందు వేసుకోలేదు. అతనికే వేస్తోంది.

లితియానా కుర్చీలోంచి లేచి నిలబడింది. ఒక చెయ్యి మీటల మీదే ఉంది.

"బావా! వెనక్కి చూడరా! బావా!"

నా పక్కన యంగోన చిప్ప నోటిదాకా తీసుకెళ్లినవాడు అలాగే ఆగిపోయాడు. ఆ హాల్లో ఆ మాట వినని మనిషి లేడు. లౌతోకవాళ్ల వైపు జనం కూడా కేకలు ఆపేశారు. ఆ వరస పోయి ఎన్నాళ్లో కాలేదు. పోయిన వరసతో పిలవడమంటే పూడ్చినదాన్ని తవ్వడమే. ఆమెకి అది తెలుసు. తెలిసే పిలిచింది.

విలిమోనె మాత్రం తిరగలేదు.

తెర మీద ఆమె పడిపోయింది. తరవాత వాళ్లు వెనకనుంచి అతని మీద పడ్డారు. చప్పున అయిపోయింది.

లౌతోకవాళ్లు గెలిచారు. ఒక్కడు కూడా కాళ్లు దంచలేదు.

విలిమోనె హెడ్‌ఫోన్ తీశాడు. అవి పెద్దవి, కొబ్బరిచిప్పల్లా చెవుల్ని మూసేస్తాయి. పెట్టుకుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. అతను తల తిప్పేసరికి హాలంతా నిలబడి ఉంది. ఎవరూ తెర వైపు చూడటం లేదు. అందరూ లితియానా కుర్చీ వైపు చూస్తున్నారు.

"ఏమైందిరా?" అన్నాడు షల్విన్‌తో. "వెనకనుంచి ఎప్పుడొచ్చారు? చెప్పలేదేం?"

"నేను చచ్చానురా."

"మరి ఆవిడ… ఎవరితోనూ…"

"పిలిచింది."

"ఎవర్ని?"

షల్విన్ వంగి విలిమోనె తెర మీద వేలు పెట్టాడు. పక్కన జట్టువాళ్ల పేర్లు అయిదూ వరసగా ఉన్నాయి. లితియానా పేరు పక్కన చిన్న చెవి బొమ్మ. దాని మీద అడ్డంగా ఎర్రగీత.

"ఇదేంట్రా?" అన్నాడు షల్విన్. వాడి గొంతు మారిపోయింది. "ఎప్పుడు నొక్కావు ఇది?"

విలిమోనె ఆ గీతను చూస్తూ ఉండిపోయాడు.

"చావింటినుంచి వచ్చిన రోజు," అన్నాడు చివరికి. "ఆమె మీతో నిశ్చింతగా మాట్లాడుకోవాలని. నేను వింటున్నానని జంకకుండా. నేను వినకపోతే ఆమె నోరు జారినా తప్పు ఆమెకి అంటదని."

"ఓరి నీ మర్యాద మండా," అన్నాడు షల్విన్. ఏడుస్తున్నాడు వాడు.

లితియానా ఇంకా నిలబడే ఉంది. అంతా విన్నది. ఏదో అంటుందనుకున్నాను. జాకెట్టు చేతి అంచు లాగి మీటల పలక మీద చెమట తుడిచింది. తన తరవాత ఇంకెవరో కూర్చుంటారన్నట్టు శుభ్రంగా తుడిచింది. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. దాని మైకు చివర చిన్న పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

"షల్విన్," అంది.

"చెప్పు. ఏం అడగమంటావు?"

"ఏమీ లేదు."

మకెలేసి అవ్వ లేచింది. ఇద్దరు ఆడవాళ్లు పట్టుకున్నారు. ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది. నా వైపు చూసి, "బండి తియ్యి నాయనా," అంది. "చీకటి పడకముందే ఏరు దాటాలి. ఈ పిల్లని తీసుకుపోతాను."

నేను తాళాలు తీశాను. ఏం చెయ్యను, పెద్దావిడ మాట.

గుమ్మందాకా వెళ్లామో లేదో, మెరెసెయిని అడ్డం వచ్చింది. ఇందాకటి ఎకసెక్కం ఏమీ లేదు ఆమె దగ్గర.

"చెల్లీ, ఒక్క మాట," అంది లితియానాతో. "మా మందుమనిషికి నెలలు నిండుతున్నాయి. సిడ్నీ రాలేదు. నీ ఒక్కదాన్ని పడెయ్యడానికి ముగ్గుర్ని పంపాల్సొచ్చింది నేను. పడిపోతూ కూడా నీకు వేసుకోకుండా ముందువాడికి వేశావు. నీలాంటి మనిషి నాకు కావాలి. మా దగ్గర నీకు అన్నలెవరూ లేరు. కాయడం మాత్రం వచ్చు."

లితియానా ఆమె ముఖంలోకి చూసింది. ఆ రోజంతా ఒక మనిషి ఆమెకి ఎదురుగా నిలబడి, ఆమె కళ్లలోకి చూసి మాట్లాడటం అదే మొదటిసారి.

"అది కుదరదు," అంది అవ్వ. "తల్లి లేని పిల్ల. పరాయి ఊరి జట్టుతో సముద్రం దాటాలంటే అన్న సరేననాలి."

"ఆ అన్న అక్కడే ఉన్నాడు కదా," అంది మెరెసెయిని. "అడగమనండి."

అడగాల్సింది లితియానా. అడక్కూడనిదీ లితియానాయే. షల్విన్ అక్కడే ఉన్నాడు కానీ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఇంక మోసే ఓపిక లేదు వాడికి.

లితియానా వెనక్కి తిరిగి చూసింది.

విలిమోనె తన కుర్చీలోనే ఉన్నాడు, మాకు వీపు పెట్టి. మెరెసెయిని మాట, అవ్వ మాట, రెండూ అతని దాకా వెళ్లాయి. భుజాలు చూస్తే తెలుస్తోంది. అతని చెయ్యి కదిలింది. ఒక మీట నొక్కాడు. తెర మీద ఆమె పేరు పక్కన ఎర్రగీత పోయింది. హెడ్‌ఫోన్ ఎత్తి, మెల్లగా రెండు చెవుల మీదా పెట్టుకున్నాడు. వెనక్కి తిరగలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

వింటున్నాడు.

హాలు ఆ చివర పోటీవాళ్ల మనిషి తీగలు పీకేస్తున్నాడు. ఒక్కో తెరా ఆరిపోతూ మా బల్లల వైపు వస్తోంది. లితియానా అవ్వ చెయ్యి విడిపించుకుంది. గబగబా తన కుర్చీ దగ్గరికి నడిచింది. కూర్చోలేదు. బల్ల మీద హెడ్‌ఫోన్ తీసుకుని, పచ్చదీపం ఉన్న చివరని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

అప్పటికి మధ్య మూడూ ఆరిపోయి, ఇంకా వాళ్లిద్దరి తెరలే వెలుగుతున్నాయి.